సొమ్మొకరిది, సోకొకరిది

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవారికి మోటారు పందేల గొడవ దేనికండీ అని మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రులొకరు నన్ను మందలించారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. స్కూటరును మించిన వాహనాన్ని నేను నా చేత్తో నడిపి ఎరగను. కాని ఇంజనీరింగు చదివే కుర్రవాడు ఇంట్లో ఒకడుంటే ఆదివారంనాడు టెలివిజను ఎవరి స్వాధీనంలో ఉంటుందో గృహస్థులైన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మొదట్లో ఆ రొదకు చెవులు మూసుకున్నాను. వేళ్ల సందుల్లోంచే కొంత వినపడింది. వినగా వినగా తేలిందేమిటంటే, ఆ కార్లు గిరగిరా తిరగడం ఒక్కటే కథ కాదు. దాని వెనక రాజపోషణ ఉన్నది, పోషకుడు చెయ్యి దులుపుకుని లేచిపోవడం ఉన్నది, నడిమధ్య నిలబడిపోయిన పరివారం ఉన్నది. ఇవి నేను ఇరవై ఏళ్లుగా సాహిత్యచరిత్ర క్లాసులో చెబుతున్న సంగతులే. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు, ఆ రాజ్యం చెదిరిపోయాక ఎన్ని గుమ్మాలు తొక్కాడో, చివరి రోజుల్లో ఎన్ని ఇక్కట్లు పడ్డాడని చాటువులు చెబుతాయో బి. ఏ. పిల్లలకు ఏటా చెబుతాను. కవి అతడే, కలమూ అదే. పట్టుకునే చెయ్యి మాత్రం లేదు. మోటారు పందెంలో ఆ చెయ్యిని కంపెనీ అంటారు.

ఫార్ములా వన్ అనే ఈ పందేలలో దిగే ఒక్కొక్క జట్టునూ మన నాటక సమాజంలాగా ఊహించుకోండి. తెర మీద కనపడేది ఇద్దరు డ్రైవర్లు. తెర వెనక వందలమంది. కారు ఒడలు జట్టే చేసుకోవాలి. యంత్రం మాత్రం స్వంతంగా చేసుకునే జట్లు కొన్ని, పెద్ద కార్ల కంపెనీల దగ్గర తెచ్చుకునే జట్లు కొన్ని. కంపెనీలు ఒక్కొక్కప్పుడు యంత్రంతో సరిపెట్టుకోక జట్టునే కొనేస్తాయి. పందెం గెలిస్తే బజారులో తమ కార్లకు పేరు వస్తుందని వారి ఆశ. ఆశ తీరినంతకాలం డబ్బుకు వెనకాడరు. బజారులో అమ్మకాలు పడిపోయిననాడు మొట్టమొదట కత్తెర పడేదీ ఇక్కడే. సంసారంలో ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మనమూ ముందు వారపత్రికే మానేస్తాం కదా! (ఈ పత్రిక మాట కాదు సుమండీ.)

ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లో బ్రాక్లీ అని ఒక చిన్న ఊరు. అక్కడ ఒక జట్టు ఉన్నది. దాని వంశవృక్షం మన జమీందారీల దత్తతల కథలా ఉంటుంది. మూలపురుషుడు కెన్ టిరెల్ అనే కలప వ్యాపారి. ఆయన కార్లు నడిపి జాకీ స్టువర్ట్ 1971లోనూ 1973లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పాతికేళ్లు గడిచేసరికి ఆస్తి తరిగి, 1997 చివర ఆ జట్టు ఒక సిగరెట్ల కంపెనీ చేతికి పోయింది. వారే 1999 నుంచి బ్రాక్లీలో కొత్త పేరుతో దుకాణం తెరిచారు. మరుసటేడు నుంచి జపాను హోండా కంపెనీ యంత్రాలు ఇచ్చింది. 2004లో జట్టు ప్రపంచంలో రెండో స్థానానికి వచ్చింది. దాంతో హోండావారికి ఉత్సాహం కలిగి, పూర్తిగా కొనుక్కుని, 2006 నుంచి తమ పేరే పెట్టారు. ఆ ఏడు హంగరీలో జెన్సన్ బటన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు వారికి ఒక పందెం గెలిచిపెట్టాడు. అక్కడితో సరి. 2007లో ఏడాది పొడుగునా తిరిగి జట్టు సంపాదించినవి ఆరు పాయింట్లు. 2008లో పద్నాలుగు. డబ్బుకు మాత్రం లోటు లేదు. ఏటా ముప్పై కోట్ల డాలర్ల మాట అప్పటి పత్రికల్లో వినిపించింది. అంత డబ్బు పోసి అడుగున ఉండడానికి కూడా ఒక ప్రతిభ కావాలేమో!

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, తరవాత పనికివస్తుంది. మామూలుగా ఈ కార్ల ఒంటినిండా ప్రకటనలు ఉంటాయి, మన బస్సుల వెనక భాగంలాగా. 2007లో హోండావారు ప్రకటనలు మానేసి, కారు మీద భూగోళం బొమ్మ వేయించారు. పర్యావరణం మీద శ్రద్ధ చాటుకోవాలని వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని దాని అర్థం ఏమిటి? ఆ ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే. అతడికి జ్వరం వస్తే పొయ్యి వెలిగించే రెండో చెయ్యి లేదు.

జ్వరం 2008 సెప్టెంబరులో వచ్చింది. అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. దానితో కార్ల బేరాలు ప్రపంచమంతటా పడిపోయాయి. డిసెంబరు 5వ తేదీన టోకియోలో హోండా అధ్యక్షుడు టకెయో ఫుకుయ్ పత్రికలవారిని పిలిచి, ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటున్నాం, జట్టును కొనేవారుంటే అమ్ముతాం అన్నారు. కొనేవారు లేకపోతే మూసివేతే. బ్రాక్లీలో దాదాపు ఏడువందలమంది పనివారు. క్రిస్మస్ పండుగ ఇరవై రోజుల దూరంలో ఉన్నది.

మీరిక్కడ రాస్ బ్రాన్ అనే పెద్దమనిషిని పరిచయం చేసుకోవాలి. కళ్లద్దాలు, నిదానమైన మాట, చేపలు పట్టడం మీద మక్కువ. చూస్తే మన హెడ్మాస్టర్లలో ఒకరనుకుంటాం. ఫెరారి జట్టులో సాంకేతికాధిపతిగా ఉండి, మైకేల్ షూమాకర్ 2000 నుంచి 2004 వరకు వరసగా అయిదేళ్లు ఛాంపియన్ కావడానికి వెనక నిలిచినవాడు. హోండావారు 2007 చివర ఆయన్ను తెచ్చి జట్టు పెత్తనం అప్పగించారు. ఆయన వచ్చి చూసి, 2008 కారు బాగుపడే కారు కాదని తేల్చుకున్నాడు. 2009లో నిబంధనలు బొత్తిగా మారబోతున్నాయి: ముందు రెక్క వెడల్పు, వెనక రెక్క ఇరుకు, గాట్లు లేని నున్నటి టైర్లు. అందరూ మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిందే. అందుకని 2008 పందేలను వాటి ఖర్మకు వదిలేసి, శ్రద్ధ అంతా మరుసటేటి కారు మీద పెట్టించాడు. ఎదటి పైరు ఎండిపోతుంటే వచ్చే కారుకు దుక్కి దున్నే రైతును ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. ఆ మాటలన్నీ పడ్డాడు. దుక్కి అయింది, నారు పోసింది, అప్పుడు భూస్వామి వచ్చి నాకు సేద్యం అక్కరలేదన్నాడు.

ఆ చలికాలం బ్రాక్లీలో గడిచిన తీరు నన్ను కథలో అన్నిటికన్నా ఎక్కువ పట్టి ఆపింది. కారు సగం తయారై ఉంది. దానికి పెట్టవలసిన హోండా యంత్రం ఇక రాదు. కొంటామని వచ్చి చూసిపోయేవారు వస్తున్నారు, పోతున్నారు. పెళ్లిచూపుల ఇల్లుగా తయారయింది వ్యవహారం. జీతం ఎన్నాళ్లు వస్తుందో తెలియని మనుషులు పొద్దున్నే వచ్చి, లైట్లు వేసుకుని, ఎప్పుడైనా రోడ్డెక్కుతుందో లేదో తెలియని కారుకు మరలు బిగిస్తున్నారు. వేరే ఉద్యోగాలు వెతుక్కోవడం తప్పని ఎవరనగలరు? కాని పని ఆగలేదు.

యంత్రం సంగతి చివరకు మెర్సిడెస్ వారితో కుదిరింది. ఆ యంత్రం తయారయేది ఆ జిల్లాలోనే బ్రిక్స్‌వర్త్ అనే ఊళ్లో. మెర్సిడెస్‌కు అప్పుడు మెక్లారెన్ జట్టుతో గట్టి పొత్తు. ఆ జట్టు వద్దంటే బ్రాక్లీవారికి యంత్రం లేదు. వారు వద్దనలేదు. ఎదటి అంగడివాడి త్రాసు విరిగితే తన త్రాసు అరువిచ్చే వ్యాపారి మన బజారులో ఎంతమంది ఉన్నారు? ఆ అరువు తీసుకున్నవాడే ఆ సంవత్సరం మెక్లారెన్‌ను ఓడించాడన్నది వేరే సంగతి. హోండా యంత్రం కోసం కొలిచి చేసిన ఒడలులో మెర్సిడెస్ యంత్రం పట్టదు. అందుకని కారు వెనక భాగం కోసి సర్దారు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా మరొకరికి విప్పి కుట్టినట్లు. చిత్రమేమిటంటే, కొత్త యంత్రం పాతదానికన్నా మేలైనది.

2009 మార్చి 6వ తేదీన బేరం కుదిరింది. కొన్నది మరెవరో కాదు, రాస్ బ్రాన్, ఆయనతో పనిచేసే మరికొందరూ. వెల ఒక్క పౌను. పొరపాటు పడకండి, ఒక్కటంటే ఒక్కటే. అది హోండా ఔదార్యమా, లెక్కా అంటే రెండూ అనుకుంటాను. మూసివేస్తే పనివారికి ఇవ్వవలసిన పరిహారాలూ అప్పులూ కట్టాలి, అప్రతిష్ఠ అదనం. దానికన్నా ఆ ఏడాది గడుపుకోవడానికి సొమ్మిచ్చి పంపడమే మేలనుకున్నారు. అల్లుడికి ఎదురిచ్చి పిల్లను పంపినట్లు, జట్టుతో పాటు డబ్బూ ఇచ్చి సాగనంపారు. జట్టు పేరు బ్రాన్ అయింది. కారు తెల్లగా ఉంది, ఒంటి మీద ప్రకటనలు దాదాపు లేవు. పందేలు మొదలు కావడానికి మూడు వారాలు.

బార్సిలోనాలో జరిగిన పరీక్ష పరుగుల్లో ఆ తెల్లకారు అందరికన్నా ముందు పరుగెత్తింది. ఎవరూ నమ్మలేదు. ప్రకటనలిచ్చేవారిని ఆకర్షించడానికి బరువు తగ్గించి తిప్పుతున్నారన్నారు. సంతకు తోలే ముందు ఎద్దుకు నూనె రాసి కొమ్ములకు రంగు వేసే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉన్నదన్నమాట! మార్చి 29న మెల్‌బోర్న్‌లో అసలు పందెం జరిగింది. బటన్ మొదటివాడు, అదే జట్టులోని బ్రెజిల్ దేశస్థుడు రూబెన్స్ బారికెల్లో రెండోవాడు. కొత్తగా దిగిన జట్టు మొదటి పందెంలోనే మొదటి రెండు స్థానాలూ పట్టుకోవడం అంతకు ముందు 1954లో ఫ్రాన్సులో మెర్సిడెస్‌కు జరిగింది. మళ్లీ యాభై అయిదేళ్లకు ఇది.

రహస్యం ఏమిటని మా అబ్బాయిని అడిగితే కాగితం మీద బొమ్మ గీసి చూపాడు. నాకర్థమైనంత చెబుతాను. కారు అడుగుకూ నేలకూ మధ్య సన్నటి సందు. అందులో గాలి వడిగా పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి కారు నేలకు అతుక్కుంటుంది. అతుక్కున్న కారు మలుపులో జారదు. కారు వెనక, అడుగు భాగాన, గాలి విచ్చుకుని బయటపడడానికి పైకెత్తిన వాలు ఒకటి ఉంటుంది, డిఫ్యూజర్ అంటారు. 2009 నిబంధనలు ఆ వాలును కుదించాయి. బ్రాక్లీవారు ఆ నిబంధనల భాషలో ఒక సందు కనిపెట్టి, కింది వాలు మీద మరో వాలు కట్టారు, రెండంతస్తుల మేడలాగా. టొయోటా, విలియమ్స్ జట్లకూ ఈ ఊహ తట్టింది. తక్కినవారు గగ్గోలు పెట్టి పారిస్‌లోని అప్పీలు కోర్టుదాకా వెళ్లారు. ఏప్రిల్ 15న కోర్టు అది ధర్మమేనన్నది. శాసనానికి అర్థం చెప్పడంలో ఇంజనీర్లు మన ప్లీడర్లకు తీసిపోరని నాకు తెలిసింది. ఒక వ్యాకరణ సూత్రాన్ని పట్టుకుని ముగ్గురు పండితులు మూడు రూపాలు సాధించడం చూసినవాడిని కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

మొదటి ఏడు పందేలలో ఆరు బటన్‌వే. ఇంతవరకు చెప్పి మా అబ్బాయి కథ అయిపోయిందన్నట్లు కాగితం మడిచాడు. అప్పుడు మా వరండాలో కూచుని వింటున్న పెద్దాయన ఒకరు గొంతు సవరించుకున్నారు. ఆయన ఒక నూలుమిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేశారు. ఒక ఏడు సంక్రాంతి సెలవులు ముగిసి వెళ్లేసరికి మిల్లు గేటుకు నోటీసు అంటించి ఉంది. బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు.

“గెలిచారు, సంతోషమే. ఆ ఏడువందలమందీ నిలబడ్డారా బాబూ?” అన్నారాయన.

నిలబడలేదు. కంపెనీ డబ్బుతో సాగిన సిబ్బందిని సొంత జట్టు మోయలేదు. ఆ వసంతంలోనే, కారు గెలుస్తూ ఉండగానే, సుమారు 270 మందిని తగ్గించబోతున్నట్లు చెప్పారు. ఏడువందలలో మూడోవంతుకు పైమాటే. ఆ కారును గీసినవారిలో, మలచినవారిలో, రాత్రిళ్లు కూచుని కోసి అతికినవారిలో ఎంతోమంది బటన్ కిరీటం పెట్టుకునేనాటికి ఆ గుమ్మంలో లేరు.

పెద్దాయన కొంచెంసేపు ఊరుకుని, “మరి ఆ నోటీసు అందుకున్నవాళ్లు ఆ పందెం ఏ ఇంట్లో కూచుని చూశారంటారు మేష్టారూ?” అన్నారు. మా అబ్బాయి మడిచిన కాగితం మళ్లీ విప్పి చూస్తూ కూచున్నాడు.

భౌతికశాస్త్రం మిత్రులు ఇదంతా విని, “సొమ్మొకరిది, సోకొకరిది” అని ఒక్క సామెతతో కేసు కొట్టేశారు. హోండా సొమ్ము, బ్రాన్ సోకు అని వారి తాత్పర్యం. కొంత నిజమే. ఆ కారు మీద ఖర్చయిన డబ్బు జపానుది. హోండావారు మరొక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే అని అప్పుడు అందరూ అన్నారు. నేను అలా అనలేను. హోండా ఉండి ఉంటే హోండా యంత్రమే ఉండేది. బలంలో అది మెర్సిడెస్‌కు తీసికట్టు. గెలిచేవారేమో గాని, అంత తేలికగా గెలిచి ఉండరు. పోతూ పోతూ మేలు చేసిన పోషకుడన్నమాట. కాని ఆ మేలు 270 ఇళ్ల మీదుగా నడిచి వచ్చింది.

పైగా పోషకుడు లేని లోటు ఏడాది మధ్యలోనే బయటపడింది. ఈ ఆటలో కారును పందెం పందానికీ మెరుగుపెట్టాలి. దానికి డబ్బు కావాలి. ఏడాది మొత్తానికి బ్రాన్‌వారు చేసుకోగలిగిన కారు ఒడళ్లు మూడే. బటన్ తన జీతం బాగా తగ్గించుకున్నాడు. చల్లని వాతావరణంలో ఆ కారు టైర్లు వేడెక్కేవి కావు. సిల్వర్‌స్టోన్‌లోనూ నూర్‌బుర్గ్‌రింగ్‌లోనూ రెడ్ బుల్ జట్టు పైచెయ్యి సాధించింది. జూన్‌లో టర్కీ తరవాత బటన్ మళ్లీ ఒక్క పందెం కూడా గెలవలేదు. బారికెల్లో వలెన్సియాలోనూ మోన్జాలోనూ గెలిచి పరువు దక్కించాడు. మొదట కూడబెట్టుకున్న పాయింట్లను, పాతర గింజలు కొలుచుకు తిన్నట్లు, పొదుపుగా వాడుకుంటూ అక్టోబరు దాకా వచ్చారు. అక్టోబరు 18న బ్రెజిల్‌లో పద్నాలుగో స్థానం నుంచి బయలుదేరి అయిదోవాడుగా వచ్చిన బటన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జట్టు కిరీటమూ ఆనాడే దక్కింది. పదిహేడు పందేలలో ఎనిమిది గెలుపులు.

నెల తిరక్కుండా, నవంబరు 16న, మెర్సిడెస్‌వారూ అబూధాబీ భాగస్వాములూ కలిసి జట్టులో నాలుగింట మూడు వంతులు కొన్నారు. బ్రాన్ పేరు ఒక్క ఏడాది బతికింది. ఒక్క పౌనుకు కొన్న వస్తువు ఎంతకు అమ్మారో లెక్క కట్టుకోవడం గుమాస్తాల పని; నేను చేయను. అదే బ్రాక్లీ, అవే గోడలు. 2014 నుంచి 2021 వరకు వరసగా ఎనిమిదేళ్లు జట్టు కిరీటం అక్కడికే వచ్చింది. టిరెల్ కలప అడితికి వారసులు వారే.

అయితే కంపెనీ తప్పుకోవడం ప్రతిచోటా ఇలా కలిసిరాదు. అదే 2009లో మరి రెండు కంపెనీలు లేచిపోయాయి. జర్మనీ బి.ఎం.డబ్ల్యూ. జులైలో చెప్పింది. వారు కొనుక్కున్న స్విట్జర్లండు జట్టును పాత యజమాని పీటర్ సౌబర్ మళ్లీ నెత్తికెత్తుకున్నాడు. ఫెరారి యంత్రం తెచ్చుకుని, చిన్న సంసారంగా కాలక్షేపం చేశాడు. టొయోటా కథ మరీ జాలి. కొలోన్ నగరంలో పెద్ద కార్ఖానా, బోలెడు డబ్బు, ఎనిమిదేళ్లలో ఒక్క గెలుపూ లేదు. బ్రాన్‌వారి రెండంతస్తుల వాలు వారి కారుకూ ఉన్నది, అయినా గెలుపు రాలేదు. నవంబరు 4న టోకియోలో తప్పుకుంటున్నామని చెబుతున్న సభలో వారి పందేల పెద్ద టదాషి యమషీనా అందరి ఎదటా ఏడ్చాడు. 2010కి కారు సిద్ధంగా ఉంది. దాన్ని ఒక్క పందెంలోనూ ఎవరూ నడపలేదు. బ్రాక్లీలోలాగా దాన్ని తన పేరు మీద నిలబెట్టి నడిపే మనిషి కొలోన్‌లో దొరకలేదు. డబ్బు, కారు, నిపుణులు అన్నీ ఉండి నడిపించేవాడు లేక ఆగిపోయిన సమాజాలు మన ఊళ్లలోనూ ఎన్ని లేవు?

పాత కాలంలోనూ ఇదే తంతు. 1954లో ఇటలీలో లాంచియా కంపెనీ మంచి కారు చేసింది. దాని పేరు డి 50. పెట్రోలు టాంకులు చక్రాల నడుమ పక్కలకు తగిలించిన విచిత్రమైన కారు, ఎద్దుకు గంతలు వేసినట్లు. దాన్ని నడిపే అల్బెర్తో అస్కారి 1955 మే 22న మొనాకోలో కారుతో సహా సముద్రంలో పడి ప్రాణాలతో ఈదుకు వచ్చాడు. నాలుగు రోజులకు మోన్జాలో మరొకరి కారు సరదాగా నడపబోయి చనిపోయాడు. కంపెనీ అప్పటికే అప్పుల్లో ఉంది. జులైలో కార్లూ విడిభాగాలూ, వాటిని రూపొందించిన విత్తోరియో యానోతో సహా, పోటీదారైన ఫెరారికి అప్పగించారు. ఫియట్ కంపెనీ ధనసహాయం చేసింది. మరుసటేడు ఆ కార్ల మీదనే ఫాంజియో ఛాంపియన్ అయ్యాడు. లాంచియావారి సొమ్ము, ఫెరారివారి సోకు. మా మిత్రుల సామెత ఇక్కడ నూటికి నూరుపాళ్లూ అతుకుతుంది.

ఇదే హోండా 1992 చివర మెక్లారెన్‌కు యంత్రాలివ్వడం మానేసినప్పుడు అయర్‌టన్ సెన్నా అంతకన్నా బలం తక్కువైన ఫోర్డు యంత్రంతో 1993లో అయిదు పందేలు గెలిచాడు. అది మనిషి గొప్ప. మనిషి వెళ్లిపోయాక మెక్లారెన్‌కు మళ్లీ కిరీటం 1998 దాకా లేదు.

హైదరాబాదువారికి ఇది మరీ పరాయి కథ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగినప్పుడు చూడబోయినవారికి నారింజరంగు మెక్లారెన్ కార్లు గుర్తుండే ఉంటాయి. ఆ జట్టు అంతకు ముందు మెర్సిడెస్‌ది. 2021లోనూ 2022లోనూ కిరీటం గెలిచి మరీ మెర్సిడెస్ తప్పుకుంది. మెక్లారెన్ దాన్ని తీసుకుని నిస్సాన్ యంత్రం పెట్టింది. ఓడి లేచిపోయేవారినీ చూశాం, గెలిచి లేచిపోయేవారినీ చూశాం. కంపెనీకి జయాపజయాలు లెక్క కాదు. పద్దు పుస్తకం లెక్క.

హోండా మాత్రం మానడమూ ఎరగదు, రావడమూ మానదు. 2015లో మళ్లీ వచ్చింది. 2020 అక్టోబరులో, వచ్చే ఏడాది చివర తప్పుకుంటామని చెప్పింది. సరిగ్గా ఆ చివరి ఏడాదే, 2021లో, దాని యంత్రంతో రెడ్ బుల్ జట్టు మాక్స్ వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు. గెలిచేసరికి చెయ్యి వదలడం ఆ కంపెనీ జాతకంలో ఉన్నట్లుంది. ఈసారి పూర్తిగా వదలలేదు. యంత్రాలు 2025 దాకా చేసి ఇస్తూనే వచ్చింది. 2023 మేలో, 2026 నుంచి ఆస్టన్ మార్టిన్ జట్టుకు యంత్రాలిస్తామని కూడా ప్రకటించింది.

ఆ వీధి పెద్దాయన మొన్న మళ్లీ కనపడి, ఇప్పుడెవరు మూశారండీ అని అడిగారు. ఫ్రాన్సువారి రెనో అన్నాను. పారిస్‌కు దగ్గర్లో విరీ షాటియాన్ అనే ఊళ్లో రెనో కంపెనీవారి పందెపు యంత్రాల కార్ఖానా ఉన్నది. 1977 నుంచి ఫార్ములా వన్ యంత్రాలు అక్కడ చేశారు. 2024 సెప్టెంబరు 30న, 2025 తరవాత ఇక చేయబోమని కంపెనీ చెప్పింది. పనివారు అంతకు ముందే నిరసన తెలిపారు. 2026 నుంచి రెనోవారి ఆల్పీన్ జట్టు కార్లకు యంత్రం మెర్సిడెస్‌దని నిర్ణయమైంది. అది తయారయేది బ్రిక్స్‌వర్త్‌లోనే.

“పనివాళ్లను ఏం చేస్తారట?” అన్నారాయన.

వేరే ఇంజనీరింగు పనులు ఇస్తామని కంపెనీ చెప్పిందన్నాను.

“మాకూ చెప్పారు” అని ఆయన చేతి సంచి సర్దుకుని కూరగాయల బజారు వైపు వెళ్లిపోయారు.